ఫిర్యాదుల పుస్తకం

నాన్న చిత్తూరు కోర్టు బయట రేకుల కింద టైపు కొడతాడు.
"సవినయముగా మనవి చేసుకొనునదేమనగా"
అనే మాటకీ దాని తర్వాతి కామాకీ నడుమ
నాకు మాటలొచ్చినాయి.
కార్బన్ కాగితం నీలం నా గోళ్ళలో
గోరింటాకు కన్నా ఎక్కువ రోజులుండింది.

లాసెట్ ర్యాంకు కాగితం నాలుగు మడతలు పెట్టుకుని
కుప్పమ్మత్తతో తిరపతిలో బస్సు దిగినాను.
ఆప్షన్లకు రేపు రాత్రి దాకే గడువు.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో ఒక రోజు కూలి వదులుకుని వచ్చిందత్త.
చేతులు ఇంకా తోతాపురి వాసన.
"మేయ్, లా ఏ కాలేజీలోనైనా అదే లా.
సాంబార్లో గరిటె ముంచి చూడు, హాస్టలు సంగతి తెలిసిపోతాది."

మొదటిది కొత్త బిల్డింగు.
గచ్చులో మా మొహాలు మాకే కనబడినాయి.
గోడ మీద ఇత్తడి త్రాసు,
ఏమీ తూచాల్సిన పని లేక రెండు పళ్ళేలూ సమానంగా.
లైబ్రరీ రాత్రి ఎనిమిది దాకా. గేటు ఆరున్నరకే.
"మరి ఆ గంటన్నర చదివేదెవరు మేడమ్?"
వార్డెన్ నన్ను చూడలేదు, అత్తను చూసింది.
"మీ పాప బాగా మాట్లాడతాదే."
అది మెచ్చుకోలో నోటీసో తేలలేదు.
బల్ల మీద ఫిర్యాదుల పుస్తకం,
అట్టకు పసుపూ కుంకుమా,
లోపల ఒక్క అక్షరం లేదు.
"మా దగ్గర సమస్యలే ఉండవమ్మా."

బయట ఎండకు శేషాచలం ఎర్రగా కాలతా ఉంది.
కొండకు పోయే బస్సులన్నీ కిటకిట,
మా ఆటో వాటికి ఎదురుదిక్కున.
అత్త కూర్చున్నచోటి నుంచే దండం పెట్టింది:
"ఇంకోసారి వస్తాము సామీ, ఈపొద్దు పని మీద వచ్చినాము."

రెండోది పాతది.
మెట్ల అంచులు చందమామల్లా అరిగినాయి.
గదికి నలుగురు, నలుగురికి ఒక ఫ్యాను,
బకెట్ల మీద పెయింటుతో పేర్లు.
సాంబారు మీద తీర్పు అత్త మొహంలోనే చదువుకున్నాను.

మేకుకు పురికొసతో వేలాడుతా ఒక పుస్తకం. అట్ట ఊడిపోయింది.
"మూడో అంతస్తు కొళాయి. పదకొండోసారి రాస్తున్నాను."
"పరీక్షలప్పుడు గేటు తొమ్మిదికి మార్చాలి."
కింద ముప్పై ఏడు సంతకాలు.
ఎర్ర సిరా: "వీలుపడదు."
ఆకుపచ్చ సిరా: "కారణం తెలుపగలరు."
ఎరుపు, ఆకుపచ్చ, ఎరుపు, మళ్ళీ ఆకుపచ్చ, నాలుగు పేజీలు.
ఆఖర్న, విసుగ్గా వంగిన ఎర్ర అక్షరాలు:
"ఎనిమిదిన్నర. పరీక్షలకు మాత్రమే."

నిలబడే చదివినాను. కాళ్ళు నొప్పి తెలియలేదు.
తీగ మీద చుడీదారు పిండి ఆరేస్తున్నామె నవ్వింది.
రెడ్డిరాణి, నాలుగో సంవత్సరం.
"ఆ ఆకుపచ్చ పెన్ను నాదే.
కొళాయి మాత్రం ఇంకా కారతానే ఉంది.
వచ్చేటట్టయితే పన్నెండోసారి నువ్వు రాయి."

నాన్నకు ఫోను చేసినాను.
"ఏది బాగుంది?"
"మొదటిది. రెండోది పెడతా ఉండాను."
అవతల టైపు చప్పుడు ఆగింది.
కాసేపటికి వరస చివరి గంట మోగింది,
బండి కొత్త వరసకు జరిగింది.
"సరే" అన్నాడు.

తిరుగు బస్సులో అత్త వేళ్ళు మడిచి లెక్కేస్తా ఉంది.
బకెట్టు. తాళం. పేరుకు పెయింటు.
ఆ సాంబారుకు విరుగుడుగా రెండు కిలోల ఊరిబిండి.
నేనొకటి కలిపినాను:
పెన్ను,
ఆకుపచ్చ తప్ప ఏ రంగైనా.