చూపు తెంచే రాయి

ఒంగోలు నుంచి పొదిలికి రోజుకి మూడు ట్రిప్పులు.
బస్సు స్టాండులో ఆగీ ఆగకముందే
కిటికీల్లోంచి లోపలికొస్తాయి
తువ్వాళ్లు, చేతిరుమాళ్లు, ఒకనాడైతే ఎడమకాలి చెప్పు.
మనిషి ఇంకా కిందే ఉంటాడు,
అతని హక్కు అప్పటికే కాళ్లు చాపుకుని కూర్చుంటుంది.
పద్నాలుగేళ్లుగా ఆ తగువులే తీరుస్తున్నాను,
టిక్కెట్లు కొట్టే చేత్తోనే.

ఇంటికొస్తే ఇదిగో, ఇది.
లాయర్‌పేట అద్దెగదిలో
టీవీ ఉండాల్సిన చోట మూడడుగుల గాజుతొట్టి.
చిటికెనవేలంత చేపలు మూడు.
అపిస్టోలంటారన్నా, అన్నాడు కొట్టు ఖాజావలి,
మాటలో మర్యాదగా, ధరలో కాదు.
మగదొకటి, ఆడవి రెండు.
తెచ్చిన రోజు అందరూ పెద్దమనుషులే,
బస్సెక్కిన మొదటి కిలోమీటరులో లాగా.

నాలుగోనాటికి చిన్నదాని రెక్క చిరిగింది.
తిండి ఎక్కువేశాను. అడుగున కుళ్లింది.
దీపం తగ్గించాను. చీకట్లోనూ తరుముకున్నాయి.
ఖాజావలి తల కూడా ఎత్తకుండా చెప్పాడు:
"కొట్టుకునేది తిండికి కాదన్నా, చోటుకి.
చూపు కలిస్తేనే తగువు. చూపు తెంచు."

చీమకుర్తి స్టేజీలో
బండలు కోసే షెడ్డు బయట ముక్కలు పడుంటాయి,
నల్లటి రాయిలో బంగారు నలకలు.
ట్రిప్పుకొకటి సంచీలో వేసుకున్నాను,
చిల్లర కింద, టిక్కెట్ మిషన్ పక్కన.
"ఏందబ్బయా, రాయి రాయి ఏరి
మేడ కడతన్నావా?" అన్నాడు
డ్రైవరు చెన్నకేశవులు, గేరు మారుస్తా.
అవునన్నాను. కిటికీలు లేని మేడ.

మా బోరు నీళ్లు బకెట్టు అంచున
సున్నం గీత గీస్తాయి, వీటికి పడవు.
మొన్నటి వాయుగుండానికి ఊరంతా తలుపులేసుకుంటే
నేను డాబా మీద రెండు డ్రమ్ములు పెట్టి
తడుస్తా నిలబడ్డాను.
డిపో గోడ పక్క బాదంచెట్టు రాల్చిన ఎండుటాకులు
నానేసరికి నీళ్లు పల్చటి టీ రంగుకి తిరిగాయి.
కొబ్బరిచిప్పకి వాకిలి కోసి బోర్లించాను.
రెండు పెడితే ఇద్దరికీ ఒకే చిప్ప కావాలి.
మూడోది పెట్టాక కాస్త గొంతులు తగ్గాయి,
గొంతులే లేని చేపలకి.

అయినా ఒకరాత్రి చిన్నది
నీటిపైన మూలకి అతుక్కుని వణుకుతోంది.
దాన్ని మగ్గుతో తీసి బకెట్టులో వేశాను.
తర్వాత చేతులు మోచేతి దాకా ముంచి
మేడంతా పడగొట్టాను.
ఉత్తరపు రాయి దక్షిణానికి,
చిప్పల వాకిళ్లు గోడవైపుకి.
తెల్లారి దాన్ని తిరిగి వదిలితే
ముగ్గురూ కొత్తగా దిగిన అద్దెవాళ్లే,
ఎవరి గుమ్మమేదో ఎవరికీ తెలీదు.
బస్సులో ఇది కుదరదు.
సీట్లు బోల్టులతో బిగించి ఉంటాయి,
మనుషులు అంతకన్నా.

వారం పట్టింది.
సెలవునాడు చూద్దును గదా,
పెద్ద ఆడది పచ్చగా తిరిగింది,
ఇంత పసుపు ఎక్కడ దాచుకుందో.
చిప్ప లోపల పైకప్పుకి గుడ్లు,
ఆవగింజల్లో సగం.
దానికి రెండింతలున్న మగవాడు
ఫిల్టర్ గొట్టం వెనక నిలబడి
ఊపిరి పీల్చడానికీ అనుమతి అడుగుతున్నాడు.
చిన్నది అవతలి రాయి చాటున
తన మూరెడు రాజ్యంలో
ఇసుక నోట్లో పోసుకుని ఊస్తోంది, నెమ్మదిగా.

నేనింకా దగ్గరికి వంగాను.
నీళ్లు పోసినవాణ్ణి, రాళ్లు మోసినవాణ్ణి,
ఏ చోటు ఎవరిదో పంచినవాణ్ణి.
గాజు మీద వేలు పెట్టానో లేదో
పసుపుముద్ద దూసుకొచ్చి ఢీకొట్టింది.
ఒకసారి కాదు. మూడుసార్లు.

సరేనమ్మా, అన్నాను.
స్టూలు ఒక జానెడు వెనక్కి జరుపుకున్నాను.