నీటి కౌలు

మే నెలలో చూశాను గది.
అప్పటికి తాటిపూడి నీళ్ళు గట్టు వదిలేసి
ఎక్కడో కొండ మొదట్లోకి తప్పుకున్నాయి.
రేవు దగ్గర బురద పెచ్చులు కట్టి
హంసబోటొకటి పక్కకి ఒరిగి ఉంది.
"సీజను కాదు కదమ్మా, మూడు వేలకి ఇచ్చేస్తాది"
అన్నాడు బ్రోకరు సూరప్పడు
తన కమీషను అప్పుడే వేళ్ళ మీద మడిచేసి.

ముప్పయ్యొకటేళ్ళు తాలూకాఫీసులో
అడంగలు నకళ్ళు రాసిన చెయ్యి నాది.
ఊళ్ళన్నీ గళ్ళుగానే కనబడేవి.
పెన్షను కాగితం అందాక
గీతలు లేనిదేదైనా
పొద్దున్నే కాసేపు చూడాలనిపించింది, అంతే.

ఇల్లుగలావిడ లెంక తవిటమ్మ.
మెట్ల కింద కోళ్ళు, మెట్ల మీద ఎండుచేపలు,
మెట్లు అయిపోయాక గది.
కిటికీ రెక్క తోసి, గెడ బిగించి,
"సూసుకో తల్లీ" అని పక్కకి జరిగింది
చీర పరిచిన కొట్టు మనిషిలా.
కుళాయి తిప్పితే గుర్రుమంది.
ఎదురుగా అంత రిజర్వాయరు పెట్టుకుని ఇదేమిటన్నాను.
"అయి విశాపట్నం తాగే నీళ్ళమ్మా.
మనకి బోరే. అదీ కరెంటుంటే."

దసరా వెళ్ళీ వెళ్ళగానే
ఎక్కడో ఏజెన్సీ కొండల్లో రాత్రంతా కురిసింది,
మాకు చినుకు లేదు.
తెల్లారి కిటికీ తీస్తే
గోడ మీద వెలుతురు ఊగుతోంది.
హంసబోటు లేచి నిలబడింది.
శనివారాలు కార్లొచ్చాయి.
బొంగు చికెన్ బోర్డొచ్చింది.
పక్కింటి గొడ్లసాలకి సున్నం కొట్టి
లేక్ వ్యూ అని రాశారు, రోజుకి రెండు వేలు.

ఒకటో తారీకున తవిటమ్మ వచ్చి
గుమ్మంలో చతికిలబడింది.
నేనిచ్చిన మూడు వేలూ లెక్కపెట్టి
కొంగున ముడేసుకుని
లేవలేదు.
"నీరొచ్చింది కదమ్మా."
"వచ్చింది."
"మరి నీటి డబ్బులేవి?"

నవ్వొచ్చింది. ఆ వెనకే కోపమొచ్చింది.
అగ్రిమెంటు తీసి ముందు పెట్టాను.
పదకొండు నెలలు, మూడు వేలు, సూరప్పడి సాక్షి సంతకం.
ఇందులో నీళ్ళ ఊసెక్కడుంది?
చూసినందుక్కూడా డబ్బులైతే
ఆకాశానికెంత?

కాగితం వైపు చూడలేదామె.
కిటికీలోంచి వేలు చాపింది.
"ఆ నల్లరాయికీ హంసబోటుకీ మద్దిన
మా అయ్య మడి. ఎకరా ముప్పై సెంట్లు.
కట్ట కట్టినప్పుడు నాకు ఆరేళ్ళు.
గవర్మెంటోలిచ్చిన డబ్బులకి
ఎడ్లజత కొన్నాడు మా అయ్య.
దున్నడానికి నేల నేదు, ఎడ్లున్నాయి.
కల్లంలో తిప్పి తిప్పి అమ్మేసినాడు.
అప్పట్నుంచీ దాన్లో పండేది నీరే.
నువ్వు రోజూ కూకుని తింటన్నావు, కళ్ళతోటి.
కౌలివ్వవా?"

ముంపు.
ఎన్నిసార్లు రాశానో ఆ మాట,
పంట గడిలో, ఎర్రసిరాతో, చిన్న అక్షరాల్లో.
మధ్యాన్నం టీ చల్లారకముందే
పేజీ తిప్పేసేదాన్ని.

అయినా బేరమాడాను. అలవాటు పోతుందా.
వెయ్యి నుంచి ఆరువందలకి దిగింది.
నీరు తగ్గిన నెల ఇవ్వనన్నాను.
"ఎండిపోతే పంట పోనట్టే కదా,
ఎవులడుగుతారమ్మా" అంది, నన్ను చూసి జాలిపడుతూ.

ఆ రాత్రి క్యాలెండరు వెనక గళ్ళు గీశాను.
పంట: నీరు.
అనుభవదారు: లెంక తవిటమ్మ.
సీలు లేదు, చెల్లదు.
బియ్యం డబ్బా కింద దాచాను.

ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుంటే
నీళ్ళ మీద గట్లు కనబడుతున్నాయి,
మడికీ మడికీ మధ్య, వంకరగా.
ఆదివారం గుంటలు హంసబోటు తొక్కుకుంటూ
నల్లరాయి దాటొస్తారు.
కింద ఎండుచేపలు తిరగేస్తూ తవిటమ్మ
ఒక్కసారి తలెత్తి కేకేస్తుంది:
"ఒరే, పక్క నుంచి తిప్పండర్రా!"