పళ్ళచక్రం

లేవగానే నేను చూసుకునేది అద్దం కాదు, అట్ట.
రాత్రి బండి కింద పరిచిన ఏసీ డబ్బా అట్ట.
నల్లమరకైతే ఇంజనుది, ఎర్రదైతే గేర్‌బాక్సుది,
పచ్చగా ఉండి తియ్యటి వాసనొస్తే రేడియేటరు.
ఇవాళ రూపాయి బిళ్ళంత నలుపు.
నిన్నా అంతే.
పర్లేదు, పోదాం.

తొంభై ఒకటి మోడల్ సెలికా. రెండే తలుపులు.
నాకన్నా మూడేళ్ళు చిన్నది.
దీన్ని అమ్మిన నిజ్వా లెక్కల మాస్టారు
తాళం చేతిలో పెడుతూ తన మోకాళ్ళు చూపించాడు,
ఎక్కగలుగుతున్నా, దిగలేకపోతున్నా అని.
నిజమే. దీన్లో కూర్చోవడం ఉండదు, దిగబడడమే.
సీబ్ నుంచి రువీ దాకా
లారీ చక్రాల నట్లు నా చెవి పక్కనే తిరుగుతాయి.

కాగితాల్లో రంగు ఎరుపనే ఉంది.
ముప్ఫై చిల్లర వేసవులు నాకేశాక
కారం కడిగేసిన ఆవకాయ ముక్కలా మిగిలింది.

ల్యాబులో సుభాషిణి అంటుంది:
"నెలకి డెబ్బై రియాళ్ళు కట్టుకుంటే కొత్తదొస్తుంది కదే.
దీనికి పోసిందంతా కూడబెడితే
ఈపాటికి ఒక గదైనా లేచేది."
నేను లెక్క రాయను.
రాస్తే నిజమైపోతుందని.

జూలైలో, రువీకి ముందు ఆ నల్లకొండల ఎత్తు దగ్గర
సూది ఎరుపు వైపు మొగ్గితే
ఏసీ కట్టేసి హీటరు వేస్తాను.
బయట నలభై ఏడు.
దాని జ్వరం నా ఒళ్ళోకి వస్తుంది.
పక్కబండిలో అద్దాలు బిగించుకున్న చల్లటి మనిషి
పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తాడు.
కొండ దిగాక సూదీ దిగుతుంది.
చున్నీ పిండితే గ్లాసుడు.

మొన్న మార్చిలో ఎడమకన్ను తెరవడం మానేసింది.
ఈ బండి దీపాలు రెప్పల కింద పడుకుంటాయి,
మీట నొక్కితే పైకి లేస్తాయి.
ఒకటే లేచేది.
మూడు వారాలు ఊరందరికీ కన్నుకొడుతూ తిరిగాను.
చేపల లారీకి, స్కూలు బస్సుకి,
కుర్రుమ్ సిగ్నల్లో పోలీసుకి.
అతను నవ్వు బుగ్గల్లోనే దాచుకుని
చెయ్యి చాపాడు, "మేడమ్, ముల్కియా."
పది రోజులు గడువిచ్చాడు.

వాదీ కబీర్‌లో నియామత్ చాచా మోటారు విప్పి
నా అరచేతిలో పోశాడు,
పేలాల్లా పొడైపోయిన నైలాన్ చక్రం.
"జపాన్లో బంద్. షార్జా స్క్రాప్‌లో బంద్.
పైవాడి దగ్గర ఉందేమో, అడుగు."

దీన్ని మనవాళ్ళేమంటారని
ఊరికే, ఆ గ్రీజు వాసనలో నిలబడి అనుకున్నాను.
పళ్ళచక్రం.
పళ్ళు!
పదమూడేళ్ళుగా నేను కడుతున్నవి పళ్ళే కదా.

రాత్రి అందరూ వెళ్ళాక
ముక్కల్ని మైనంతో అతికించాను.
ఉన్న పన్నుని చూసి లేని పన్ను చెక్కాను.
అచ్చు తీసి రెజిన్ పోశాను.
ఎవరూ చూడని చోటుకి పోయేదానికి
మెరుగెందుకు పెట్టానో తెలీదు.
రెండు విరిగాయి. మూడోది నిలిచింది.
ఏ-టూ షేడ్. మా దగ్గర ఎక్కువ పోయే రంగు,
ఈ ఊళ్ళో కట్టుడు నవ్వుల్లో సగం అదే.

చాచా దాన్ని ఎండకి పట్టి చూశాడు.
తన పైవరసలో ఖాళీని నాలుకతో తడుముకుని
"నాకూ ఒకటి?" అన్నాడు.
మర్నాడు కొలత తీసుకున్నాను.

ఇప్పుడు రెండు కళ్ళూ లేస్తాయి.
ఎడమది అర సెకను వెనక,
రెండోసారి పిలిస్తేగాని పలకని పిల్లలా.
బుష్షులు కీచుమంటున్నాయి. వచ్చే నెల మళ్ళీ పాసింగ్.
చాచా నోట్లో ఇది సెలికా.
నాకు మొదటిరోజు నుంచీ చెలికా అనే వినపడుతుంది,
ఎవరికీ చెప్పలేదు.

అట్ట మార్చాలి.
పాతదాని మీద చోటు లేదు.