పరిగె

నయీంనగర్‌ల జిరాక్సు షాపు మీది గది.
పద్నాలుగో షీటు, ఇరవై మాటలు,
బ్యాంకు పరీక్షకు ఇంక పదకొండు రోజులు.
ఆరో మాట బోర్డు మీద రాసిన:
రూత్‌లెస్.

నవ్వు ముందు బెంచీల పుట్టి
కిటికీ కాడి పరకాల పోరగాళ్ల దాకా పాకింది.
మూడో వరుసల బొట్ల రూతు
తల ఎత్తలే.
ఎంజీఎంల రాత్రి డ్యూటీ దిగి సక్కగ వచ్చింది,
చేతులకింకా డెటాల్ వాసన.

"దయలేని, కనికరం లేని" అని చెప్పి
ఏడో మాటకు పోబోతుంటే లేచింది:
"సార్, లెస్ తీసేస్తే ఏం మిగుల్తది?"

పంతొమ్మిదేండ్ల సంది చెప్తున్న ఈ మాట,
తోక పట్టుకొనే.
తలకాయ ఎన్నడు చూడలే.
"అట్లాంటి మాట లేదమ్మా" అన్న,
అంటుంటేనే అనుమానమొచ్చింది.

ఆ రాత్రి అటక మీది నిఘంటువు దించిన.
కాజీపేటల తోపుడు బండి మీద
అరవై రూపాయలకు కొన్నది, అట్టకు చెదలు.
ఉంది.
ఒకటిన్నర వరుస,
పక్కన చీమంత అక్షరాల్ల: అరుదు.
అర్థం, కనికరం.
అది లేనోడు రోజూ పేపర్ల కనబడ్తడు,
అది మాత్రం గడప దాటి
ఎన్ని వందలేండ్లాయెనో.

మనం తక్కువ తిన్నమా?
అసహ్యం అని పొద్దుకు పదిసార్లంటం,
సహ్యం అని మా ఇంట్ల
ఒక్కరన్నా అనంగ నేను ఇనలే.

తెల్లారి చెప్పిన:
"మాట ఉన్నది రూతూ, నాదే తప్పు.
నీ పేరు వేరే, అది వేరే.
అది ఇంగ్లీషుది, నీది హీబ్రూది,
తొవ్వల ఎదురుపడ్డయి, అంతే."

"మా నాయనమ్మ దీనమ్మ పెట్టింది సార్.
వర్ధన్నపేట దిక్కు కోతలైనంక
దొరల మళ్లల్ల పరిగె ఏరేదట.
బైబిల్ల రూతు గూడ పరిగె ఏరిందని
పాస్టరు సదివితే ఇని,
ఈమె మనామెనే అన్నదట."

పరిగె.
ఈ మాట చెవిన పడక ఎంత కాలమాయె!
మిషిన్ వచ్చి మడిని గంటల మింగిపోతది,
ఎనుక వంగి నడిచేటోళ్లు ఎవరున్నరు?

బోర్డు మీద నిన్నటి మాట అట్లనే ఉంది.
చెయ్యితోనే లెస్ తుడిచిన.

"సార్, ఇది పరీక్షల వస్తదా?"
పరకాల పోరడు.
"రాదు" అన్న.
పెన్నులు కింద పెట్టిండ్రు.

మూడో వరుసల
డ్యూటీ చీటీ ఎనుక
రూతు వంగి రాసుకుంటున్నది.