ఎనిమిది

అందరూ నన్ను బ్రేకినస్పెక్టరంటారు.
ఇరవయ్యేళ్ల సర్వీసులో
నేను తొక్కిన బ్రేకు ఒక్కటీ లేదు.
రేకుల నీడన కుర్చీ, ఒళ్లో అట్ట,
ఎదురుగా నేలమీద సున్నంతో గీసిన ఎనిమిది.
దాని మీద పిల్లలు తిరుగుతారు
ఫస్టు గేరులో, ఊపిరి బిగబట్టి.
తొంభై సెకన్లు. టిక్కు పెడతాను.

ఆ ఎనిమిది మీద వాన పడదు.
పోర్టు నుంచి బొగ్గు లారీ ఎదురు రాదు.
చేపల గంప దించడానికి
సైగ లేకుండా ఆటో ఆగిపోదు.
ఉప్పుగాలికి అద్దం మసకబారదు.
ఎటు తిరిగినా మళ్లీ నా కుర్చీ దగ్గరికే.

ఆషాఢం చివర్లో ఒక మంగళవారం
నూకరత్నం వచ్చింది.
కంచరపాలెంలో డ్రైవింగ్ స్కూలు ఆమెది.
ఒకటే బండి, నెత్తిన ఎర్రటి ఎల్లు,
ఎడమ సీటు కింద ఇంకో బ్రేకు.
వెంట మౌనిష, పాలిటెక్నిక్ రెండో ఏడు.
మెలికల ముగ్గు తిప్పినంత నున్నగా
ఎనిమిది తిప్పేసిందా పిల్ల.
పెన్ను తీశాను.

"ఆగండి సారూ, ఈ గుంటని ఫెయిల్ సేసియ్యండి."

పాస్ చెయ్యమని కవర్లొచ్చాయి, కార్పొరేటర్ల ఫోన్లొచ్చాయి,
ఓసారి సింహాచలం ప్రసాదం కూడా వచ్చింది.
ఫెయిల్ చెయ్యమని ఎవరూ రాలేదు.

"బాగానే వేసింది కదమ్మా?"
"ఏసింది. అదొక్కటే నేర్పమన్నాడు వాళ్ల నాన్న.
మొన్న హనుమంతవాక డౌన్లో
స్టీరింగొగ్గేసి కళ్లు మూసేసుకుంది.
నా కాలే లేకపోతే
ఈపాటికి మీ సంతకంతో పనుండేది కాదు."

మౌనిష నేలకేసి చూస్తోంది.
చెవులు ఎర్రబడ్డాయి, సిగ్గో కోపమో.

నా ఫారంలో డౌనుకి గడి లేదు.
వానకి లేదు, రాత్రికి లేదు,
భయం వేసిందా అని అడిగే గడి అసలే లేదు.
ఆ మాటే అన్నాను.
"అయితే గియ్యండి," అంది నూకరత్నం,
"సున్నంతో గీయగా లేంది."

అట్ట చంకన పెట్టుకుని వెనకసీట్లో కూర్చున్నాను.
ఇసకతోట దాటేసరికి తుంపర.
కొండ తవ్విన చోట నుంచి
ఎర్రమట్టి నీళ్లు రోడ్డుకి అడ్డంగా.
ముందు బస్సు, పక్కన రాంగ్‌రూట్లో స్కూటీ.
డౌను మొదలవగానే
నా కాలు దానంతటదే
లేని బ్రేకుని తొక్కింది, ఒకసారి, ఇంకోసారి.
అప్పుడు గుర్తొచ్చింది.
నా లైసెన్సు మా బావ తెచ్చిపెట్టాడు.
టెస్టుకి నేను వెళ్లనేలేదు.

బండి ఆగిపోయింది.
వెనక హారన్లు, ఒకడెవడో ఆడవాళ్ల డ్రైవింగ్ మీద అరుపు.
నూకరత్నం హవాయి చెప్పు
బ్రేకుకి అంగుళం పైన ఉంది. దిగలేదు.
"కళ్లు తెరిసే ఉన్నావు కదమ్మా," అంది,
"అయితే సరే. తాళం తిప్పు."
మౌనిష తిప్పింది. రెండు చేతులూ వణుకుతున్నాయి.
ఎండాడ మలుపులో
బూడిదరంగు సముద్రం పక్కకొచ్చి నిలబడితే
ఎవరూ అటు చూడలేదు.

ఫెయిల్ చేశాను.
ఫారం అంచున పెన్నుతో ఓ గడి గీసి
'డౌను, వాన: మళ్లీ రావాలి' అని రాశాను.
ఇలాంటి రాతలు చెల్లవని పైనుంచి మెమో వచ్చింది.
అది అట్ట కిందే ఉంది.

నెల తిరిగాక వచ్చింది మౌనిష,
తడిసిన గొడుగు దులుపుకుంటూ.
సున్నం గీత సగం కొట్టుకుపోయిన గ్రౌండు వైపు
ఒక్కసారి చూసి,
"ఇవాళ ఎటు సార్?" అంది.

నేను కుర్చీ మడతపెట్టాను.