కట్ట తడి

కర్నూలు పెద్దాసుపత్రి, రెండో అంతస్తు ల్యాబు.
రాత్రి పదకొండుంబావు.
పట్టీ మీద మొదటి గీత వచ్చింది.
రెండోది వస్తుందా రాదా అని
గోడ గడియారంతో పదిహేను నిమిషాల పోట్లాట.

వచ్చింది.
ఎవరో గోటితో గీరినట్టు, గులాబీగా.

ఈ గీత వైరస్ కాదు.
వైరస్ చేయించుకున్న పనివాడు.
పేరు లేదు, నంబరే.
ఎన్నెస్ వన్ అని రిజిస్టర్లో రాస్తాను,
ఖైదీని రాసుకున్నట్టు.

దోమ తెచ్చింది చీటీ మాత్రమే.
పదివేల ఏడొందల చిల్లర అక్షరాలు,
మా నాయన మస్టర్ రోల్ కంటే పొట్టిది.
దాన్ని చదివిన పాపానికి కణం
తన పొయ్యి మీదే పదిమందిని వండిపెట్టింది.
ముగ్గురు వైరస్‌కు ఒళ్లూ చొక్కా అయిపోయారు.
తక్కినవాళ్లు లోపలే.
ఒకడు నకళ్లు రాస్తాడు, ఒకడు కత్తిరిస్తాడు,
ఇంకొకడు కాపలావాళ్ల నోరు నొక్కుతాడు.
వీడు మాత్రం
లోపల నకళ్లకు సాయంపట్టి
ఊరుకోక వీధిలోకీ వస్తాడు,
ఆరుగురై చేతులు కలిపి, పీపాలాగా,
నెత్తుట్లో దొర్లుకుంటూ.

మా నాయన మద్దయ్య కేసీ కాలవ లష్కరు.
ముప్పైయేళ్లు కట్ట మీదే నడిచినాడు,
టార్చిలైటూ, పారా, బీడీలూ.
"అరుస్తా పోయే నీళ్లకు భయపడొద్దు మ్మే,
అవి ఎవురికైనా కనపడతాయి.
కట్టకు అవతలి పక్క, మిట్టమద్యానం ఎండలో
అరచెయ్యంత తడి ఆరకుంటే
ఆడ ఎండ్రకాయ ఉందని లెక్క.
దానికి కాలవ మీద పగేం లేదు.
ఇల్లు కావల్ల, బొరియ తవ్వుకుంటాది.
మిగతా పని నీళ్లే చేసుకుంటాయి."

గార్గేయపురం అన్నదమ్ములు, ఉరుకుందు, రంగముని.
ఒకే ఇల్లు, వాకిట్లో ఒకే నీళ్ల డ్రమ్ము,
బహుశా ఒకే దోమ.
పెద్దోడు ఐదోరోజుకు ఉగ్గాని తిని
బజ్జీలేవని అలిగినాడు.
చిన్నోడికీ ఐదోరోజే జ్వరం దిగింది.
దస్తగిరమ్మ కొడుకు నుదురు తాకి, నన్ను చూసి నవ్వింది.
"సల్లబడినాడు తల్లీ!"

నా చేతిలో కాగితం.
పొద్దున నలభై ఒకటి, ఇప్పుడు నలభై తొమ్మిది.
నెత్తురు చిక్కబడుతోంది.
నీళ్లెక్కడికో పోతున్నాయి.

నాళాల లోపలి గోడకు
చక్కెర పీచుల పూత ఉంటుంది, పలచగా,
కాలవకు లైనింగులాగా.
వాడు దాన్ని తన చేత్తో పెరకడు కూడా.
గోడలో నిద్రపోతున్న కత్తెరల్ని లేపి
గోడ మీదికే ఉసిగొల్పుతాడు.

పెద్దోడి గోడ ఎందుకు నిలబడింది?
చీటీలో ఒక్క అక్షరం తేడానా,
చిన్నోడికి ఎప్పుడో వచ్చిపోయిన పాత జ్వరం
తలుపు తీసిపెట్టిందా?
తెలీదు.
పట్టీ మీద ఇద్దరి గీతలూ ఒకటే రంగు.

డ్యూటీ డాక్టరమ్మ సెలైన్ చక్రం తిప్పుతోంది.
తక్కువైతే గుండెకు నీరందదు,
ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో వరద.
చుక్క చుక్క లెక్కపెడుతూ వంగిన ఆ మెడ,
అచ్చం తూము తాళం తిప్పే మా నాయన మెడ.

మూడు గంటలకు నలభై ఎనిమిది.
ఐదుకు నలభై ఐదు.
మంచిదేనని రాయలేదు. అంకెలే రాశాను.

గండి పూడ్చినాక కూడా మా నాయన
ఇంటికొచ్చేవాడు కాదు.
ఆ పచ్చిమట్టి మీదే గోనెసంచి పరుచుకుని
తెల్లారేదాకా కూచునేవాడు.
ఎందుకు నాయనా అంటే,
"మనం ఈడ ఉండామని మన్నుకు తెలియాల గదా."

షిఫ్టు ఎనిమిదింటికి ముగుస్తుంది.
వార్డులో, రంగముని మంచం పక్కన
స్టూలొకటి ఖాళీగా ఉంది.