మొగ దగ్గర

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటుని
పేటవాళ్లు మొగ అంటారు.
ఏటికి నోరన్నమాట.

నేను మనుషుల నోళ్ల కోసం వెళ్లాను ఆ ఉదయం.
ఐసు డబ్బా, ముప్పై గాజు గొట్టాలు, ఒక రిజిస్టరు.

"ఇన్నాల్లకి నా ఉమ్మి అడిగినోలు నువ్వే పాపా"
సూరాడ కాములమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.
అడ్డపొగ. నిప్పు లోపలికి, చివర బయటికి.
నలభై ఏళ్లుగా అంగిలి కింద ఒక చిన్న పొయ్యి.
పైన తెల్లగా పొర, పొర మీద ఎర్రటి చుక్కలు.
టార్చిలైటు ఆ చుక్కల దగ్గరే ఆగిపోయింది.

"ఏటుంది అందులో?"
కాపలా ఉందత్తా.
ముప్పై నలభై పూసల దండలు, కంటికి ఆనవు,
చిగుళ్లూ లాలాజల గ్రంథులూ గుచ్చి వదిలేవి.
వాటి ఒంటి మీద ధన విద్యుత్తు,
పురుగు తొడుగు మీద రుణం.
ధనం తిన్నగా రుణం గుమ్మంలోకే నడుస్తుంది,
దారి అడగదు.

"మా బోటు షావుకారు నాగ" అంది.

అలాగే. ఆనిన చోట తొడుగు చిల్లుపడుతుంది,
లోపలి నీళ్లు బయటికి,
బయటివి లోపలికి.
పడవ మునిగినట్టే, కాకపోతే చప్పుడుండదు.

మరి అన్నీ మునగవేం అంది.
కొన్ని తెలివైనవి, తమ తొడుగు మీది రుణాన్ని
తామే చెరిపేసుకుంటాయి,
కాపలా వచ్చి చూస్తే పట్టుకోడానికేం ఉండదు.
కాములమ్మ చాలాసేపు నవ్వింది.
"ఆ ఇద్దె మాకు సెప్పవే!"

పంటి మొదట్లో, గాలాడని సందుల్లో ఉండేవాటికి
కత్తెరలున్నాయి.
ఒడ్డున ఆరేసిన వల మీద పీతలు పడ్డట్టు
దండల్ని ముక్కలు ముక్కలుగా కొరికేస్తాయి.
పాచిలో గుడిసెలు కట్టుకున్నవాటి దగ్గరికి
దండలు చేరేసరికే అలసిపోతాయి.
ఇంకోరకం ఉంది, అదంటే నాకిప్పటికీ అనుమానమూ ఇష్టమూ:
చిగురు గోడ తట్టి కాపలాని లేపుతుంది,
తను మాత్రం చావదు.
శత్రువో, ఊరికుక్కో,
నాలుగేళ్లు చదివినా తేల్చుకోలేదు.

ప్రయోగశాల పళ్లెంలో ఉప్పు కాస్త పెంచితే చాలు,
డిఫెన్సిన్లు మొద్దుబారిపోతాయి. అదీ చెప్పాను.
ఆమె మొగ వైపు చూసింది.
పోటు మొదలై, ఏటి నీళ్లు వెనక్కి తగ్గుతున్నాయి.
"పండుగప్పకి రెండు నీల్లూ పడతాయి.
అన్నిటికీ పడవు."
నాకు చెప్పిందో, ఏటికి చెప్పిందో.

గొట్టంలోకి ఉమ్మింది, జాగ్రత్తగా, గీత దాకా.
చుట్ట కంపు, ఎండుచేప వాసన, ఒక నూలుపోగంత నెత్తురు.
పందొమ్మిది అని రాశాను.

పొద్దున్నించీ అడగాలనుకున్నది అప్పుడడిగాను,
అంగిలి మీంచి గింజంత ముక్క తీయించుకుంటావా అని.
ఆ చుక్కల సంగతి ఏ దండా చూసుకోలేదని
చెప్పడానికి మాట దొరకలేదు.
శ్రీకాకుళం పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాను.
నాలుగు మడతలు పెట్టి
చుట్టల పొట్లంలోనే దాచింది.

"అమాసెల్నాక ఒస్తాను."

ఆటో సింగుపురం దాటుతుంటే
నాలుక చివరతో నా చిగుళ్లు తడుముకున్నాను.
ఒడిలో డబ్బా చల్లగా ఉంది.
అమావాస్యకి ఇంకా పదకొండు రోజులు.